ప్రాజెక్టు డైరీ: 11 ఛార్జర్లు, 19 వైర్లు, ఒక జంక్షన్ బాక్సు

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి. పొద్దున పానకం వడపప్పు అయిపోయాయి, అందరం హాల్లో ఫ్యాన్ కింద చేరాం, చేరామో లేదో ఫోన్ల గోల మొదలు. తెనాలి నుంచి వచ్చిన నాన్న ఫోను 9 శాతం, బావమరిది ఐఫోన్ అయితే పూర్తిగా ఆరిపోయింది, మా ఆవిడ తన ఎర్ర వైరు ఎవరు తీశారని వంటింట్లోంచే కేకలు. నేనేమో పెద్ద హీరోలాగా, మొన్న కోఠీ వెళ్ళినప్పుడు రోడ్డు పక్కన బండి మీద కొన్న 65 వాట్ల ఛార్జర్ తీసి, ఇదిగో చూడండి రాకెట్‌లాగా ఎక్కుద్ది అని అందరికంటే ముందు నా ఫోనే పెట్టా. గంటా పది నిమిషాల తర్వాత చూస్తే 20 నుంచి 36. పదహారు శాతం!

"బావా, రాకెట్ ఇంకా కౌంట్‌డౌన్‌లోనే ఉందా" అన్నాడు బావమరిది.

పౌరుషం వచ్చింది. టీవీ కింద సొరుగు, అల్మరా పైన అట్టపెట్టె, నా ఆఫీసు బ్యాగు, అన్నీ దులిపి దుప్పటి మీద పరిచా. ఛార్జర్లు 11, వైర్లు 19. అందులో సగం ఏ ఫోనుతో వచ్చాయో, ఆ ఫోను ఎప్పుడు చచ్చిందో కూడా గుర్తులేదు. అమ్మ చూసి "ఇన్ని తోకలున్న ఇల్లు నేనెక్కడా చూళ్ళేదురా" అంది.

కాబట్టి ప్రాజెక్టు ఇదీ. హాల్లో ఒక జంక్షన్ బాక్సు దగ్గర నాలుగు ఫోన్లూ పెట్టుకోవాలి, ఏ ఫోను ఎంత స్పీడు తీసుకోగలదో అంత స్పీడు రావాలి, ఛార్జర్ డబ్బాలు వీలైనంత తక్కువుండాలి, మిగతావన్నీ ఇంట్లోంచి బయటికి పోవాలి. 

నాలుగు ఫోన్లు ఏంటంటే, నాది శాంసంగ్, 25 వాట్లు, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ. మా ఆవిడది వన్‌ప్లస్, 80 వాట్ల సూపర్‌వూక్, అంటే వాళ్ళ సొంత ఫాస్ట్ ఛార్జింగ్. నాన్నది పాత రెడ్‌మీ, 18 వాట్లు. బావమరిదిది ఐఫోన్ 13, అంటే ఇంకా ఐఫోన్ పిన్నే, సీ పిన్ను కాదు. నాలుగూ నాలుగు దార్లు.

ఏప్రిల్ 9, బుధవారం

ఆఫీసు నుంచి వచ్చాక ఛార్జర్ల మీద రాసింది చదివే పని. చీమ తలకాయంత అక్షరాలు, అదీ బూడిదరంగు మీద బూడిదరంగు, ఫోన్ కెమెరా జూమ్ పెట్టి ఫొటో తీస్తే గానీ కనపడలేదు. చూడాల్సింది "అవుట్‌పుట్" అన్న లైను ఒక్కటే. ఇన్‌పుట్ దాదాపు అన్నిట్లో ఒకటే, 100 నుంచి 240 వోల్టులు, ఊళ్ళో ఓల్టేజ్ తక్కువైనా నడుస్తాయి.

11లో ఐదు డబ్బాలు ఉత్త 5 వోల్టులవి, కొన్ని 1 ఆంపియర్, కొన్ని 2. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు, అంటే ఇవి 5 నుంచి 10 వాట్లు. ఇప్పటి ఫోన్లకి ఇవి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించినట్టే.

ఇక నా కోఠీ రాకెట్. ముందువైపు బంగారు రంగులో పెద్దగా 65. వెనక్కి తిప్పి జూమ్ చేస్తే అవుట్‌పుట్ 5 వోల్టులు, 3.1 ఆంపియర్లు. అంతే, ఇంకో లైనే లేదు. గుణిస్తే పదిహేనున్నర. ముందు 65, వెనక 15! ఆ 65 ఎక్కడ్నుంచి తెచ్చారో వాళ్ళకే తెలియాలి, బహుశా అచ్చేసినాయన వయసేమో.

ఇంకోటి కూడా చేశా. మన దగ్గర అడాప్టర్లకి బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, రిజిస్ట్రేషన్ తప్పనిసరి, డబ్బా మీద ఆర్ అక్షరం, గీత, ఎనిమిది అంకెలు ఉంటాయి, ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి ఏ వస్తువుకి ఇచ్చారో వస్తుంది. బ్రాండు ఛార్జర్లన్నీ సరిగ్గా వచ్చాయి. రాకెట్ నంబరు కొడితే ఏ వివరాలూ రాలేదు. పైగా చేతిలో పట్టుకుంటే ఖాళీ అగ్గిపెట్టెలా తేలిక, ఊపితే లోపల ఏదో గలగల. విప్పి చూద్దామని చేతులు పీకాయి కానీ ఆగా, ఎందుకంటే మన 230 వోల్టుల కరెంటు లోపల డీసీ అయ్యేసరికి 325 దాకా వెళ్తుంది, అది కెపాసిటర్‌లో ప్లగ్గు తీశాక కూడా కాసేపు కూర్చునే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో ఆడుకునే చోటు కాదది.

ఫోన్ల కంపెనీలు డబ్బాలో ఛార్జర్ ఇవ్వడం మానేశాకే మనకి ఈ తిప్పలు. 2020 అక్టోబర్లో ఐఫోన్ 12తో ఆపిల్ మొదలెట్టింది, 2021 జనవరిలో ఎస్21తో శాంసంగ్ కూడా. అంతకుముందు డబ్బాలో ఏదొస్తే అది, ఆలోచించే పనే లేదు.

ఏప్రిల్ 10, గురువారం

రాత్రి కూర్చుని చదువుకున్నది ఇక్కడ రాసుకుంటున్నా, మళ్ళీ మర్చిపోతా.

ఛార్జర్ పెద్దదైతే ఫోన్‌లోకి కరెంటు తోసేస్తుందని నేను ఇన్నేళ్ళూ అనుకున్నా. కాదు. ఎంత కావాలో ఫోనే అడుగుతుంది, అడగాలంటే ఇద్దరికీ ఒకే భాష రావాలి. భాష కలవకపోతే ఇద్దరూ 5 వోల్టుల దగ్గర ఆగిపోతారు, అది అందరికీ వచ్చిన కనీస భాష.

క్వాల్‌కామ్ వాళ్ళ క్విక్ ఛార్జ్ పాత భాష, వైర్లో డేటా కోసం ఉండే రెండు తీగల మీద వోల్టేజ్ సైగలతో మాట్లాడుకుంటుంది. నాన్న రెడ్‌మీది ఇదే. పీడీ అంటే పవర్ డెలివరీ, ఇది సీ పిన్నులో సీసీ అనే వేరే తీగ మీద నడుస్తుంది. మన టిఫిన్ సెంటర్లో సర్వరు వచ్చి ఇడ్లీ వడ దోసె పూరీ అని గడగడా చదివినట్టు ఛార్జర్ తన దగ్గరున్నవి చదువుతుంది, 5 వోల్టులు, 9, 15, 20, ఒక్కోటి ఇన్ని ఆంపియర్లు అని. ఫోను ఒకటి ఆర్డరిస్తుంది. ఐఫోన్ 9 వోల్టుల ప్లేటు తీసుకుంటుంది, అయిపోయింది.

పీపీఎస్ అంటే పీడీలోనే ఇంకో పద్ధతి, ఇది ప్లేటు లెక్క కాదు, పంక్తి భోజనం. వడ్డించేవాడు పక్కనే నిలబడతాడు, ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు చాలు అని ఫోను చెప్తూ ఉంటుంది, 20 మిల్లీవోల్టుల చొప్పున పెంచొచ్చు తగ్గించొచ్చు. నా శాంసంగ్‌కి 25 వాట్లు రావాలంటే ఇదే కావాలి. ఉత్త పీడీ ఉంటే 15 వాట్ల దగ్గర ఆగుతుంది, స్క్రీన్ మీద "సూపర్ ఫాస్ట్" బదులు "ఫాస్ట్" అని మాత్రమే వస్తుంది. ఆ ఒక్క మాట తేడా నేను ఏడాదిన్నరగా గమనించనే లేదు.

నాలుగోది సొంత భాషలు. ఒప్పో 2014లో ఫైండ్ 7తో వూక్ తెచ్చింది, మా ఆవిడ వన్‌ప్లస్‌లో సూపర్‌వూక్ దీన్నుంచి వచ్చిందే, వాళ్ళ ఆలోచన మిగతావాళ్ళకి ఉల్టా. మిగతావాళ్ళు వోల్టేజ్ పెంచి, ఆంపియర్లు తక్కువ పంపి, ఫోన్ లోపల మళ్ళీ దించుకుంటే, వీళ్ళు వోల్టేజ్ తక్కువే ఉంచి లావు వైరులో ఆంపియర్లు పెంచారు, దానివల్ల దించే వేడి ఫోన్లో కాకుండా ఛార్జర్లో పుడుతుంది. తెలివైన పనే, కాకపోతే ఛార్జరూ వైరూ రెండూ వాళ్ళవే ఉండాలి. మా ఆవిడ ఎర్ర వైరు కోసం అంత గోల చేసిందంటే ఊరికే కాదన్నమాట.

ఏప్రిల్ 12, శనివారం

మీటరు వచ్చింది. ఛార్జర్‌కీ వైరుకీ మధ్యలో పెట్టే చిన్న ముక్క, స్క్రీన్ మీద వోల్టులు ఆంపియర్లు వాట్లు చూపిస్తుంది, ఏ భాషలో మాట్లాడుకుంటున్నారో కూడా. 1,650 రూపాయలు. ఆవిడకి 600 అని చెప్పా. డైరీ తను చదవదు లెండి.

మొదట రాకెట్‌కి పోస్టుమార్టం. ఆదివారం వాడిన అదే వైరుతో పెడితే, ఛార్జర్ దగ్గర 5.1 వోల్టులు, ఆంపియర్లు 0.65 చుట్టూ ఊగుతున్నాయి, మూడు వాట్లు కూడా సరిగ్గా లేవు. డబ్బా మీద పదిహేనున్నర అనైనా రాసుందిగా, మిగతాది ఏమైంది? అనుమానమొచ్చి మీటరు తీసుకెళ్ళి ఫోన్ పక్కన పెడితే అక్కడ నాలుగున్నర వోల్టులే ఉన్నాయి. దార్లోనే అర వోల్టు పైన తినేస్తోంది వైరు, ఇంకా లాగితే ఇంకా పడిపోద్దని ఫోనే తగ్గి తీసుకుంటోంది. అంటే నేను వారం నుంచి ఛార్జర్‌ని తిడుతున్నా, ఛార్జర్ దొంగే, కానీ వైరు ఇంకా పెద్ద దొంగ.

తర్వాత మా ఆఫీసు ఫ్రెండు దగ్గర శాంసంగ్ 25 వాట్ల డబ్బా, దాని సీ-టు-సీ వైరు అడిగి తెచ్చా. 15 శాతం దగ్గర పెట్టా. అబ్బ. వోల్టులు 8.2 దగ్గర మొదలై, కూర్చుని చూస్తుంటే 8.22, 8.24, 8.26 అని మెల్లగా మెట్లెక్కుతున్నాయి, బ్యాటరీ నిండేకొద్దీ ఫోను ఇంకొంచెం ఇంకొంచెం అంటోంది. లోపల ఒక సర్క్యూట్ ఈ వోల్టేజ్‌ని సరిగ్గా సగం చేసి బ్యాటరీకి ఇస్తుంది, అందుకే బ్యాటరీ వోల్టేజ్‌కి దాదాపు రెట్టింపు దాని వెనకాలే వస్తోంది. అరగంట సేపు అలాగే చూస్తూ కూర్చున్నా. ఆవిడ వచ్చి, సీరియల్ చూసేవాళ్ళే నయం అనేసి వెళ్ళింది.

టైము: 15 నుంచి 50 శాతం 22 నిమిషాలు, 80కి 46, నూటికి 76. చివరి ఇరవై శాతానికే అరగంట! అది ఛార్జర్ తప్పు కాదు, ఏ లిథియం బ్యాటరీ అయినా చివర్లో వోల్టేజ్ పట్టి ఉంచి కరెంటు తగ్గించుకుంటూ పోవాల్సిందే. బయటికి వెళ్ళే తొందరుంటే 80 దగ్గర పీకేయడమే మంచిది.

ఆవిడ వన్‌ప్లస్‌ని మాత్రం మీటరుతో కొలవలేకపోయా. ఎర్ర వైరుకీ డబ్బాకీ మధ్య మీటరు పెడితే సూపర్‌వూక్ రావట్లేదు, తీస్తే వస్తుంది. మధ్యలో మూడో మనిషి ఉంటే మాట్లాడుకోరు వాళ్ళు. గడియారం చూసి రాసుకున్నా, 10 నుంచి 80 శాతం దాదాపు 25 నిమిషాలు. అదే ఫోనుని ఫ్రెండు డబ్బాకి పెడితే 9 వోల్టులు, 13 వాట్ల చుట్టూ.

ఏప్రిల్ 13, ఆదివారం

ఇవాళంతా వైర్లే. 19కీ నంబర్ స్టిక్కర్లు అంటించా.

పద్ధతి ఏంటంటే, నాన్న క్విక్ ఛార్జ్ డబ్బా, నా ఫోను, రెండూ మార్చకుండా వైరు మాత్రం మార్చడం. ఆ డబ్బాతో నా ఫోను 9 వోల్టుల్లో 1.6 ఆంపియర్లు తీసుకుంటుంది. ఒకసారి మీటరు డబ్బా వైపు, ఒకసారి ఫోను వైపు, రెంటి తేడా వైరు తిన్నది. ఐఫోన్ పిన్నువి మూడు, పాత సన్న పిన్నువి నాలుగు పక్కన పెట్టేశా, మిగిలినవి 12. అందులో రెండు వైపులా సీ పిన్ను ఉన్నది ఒక్కటే, దాన్ని విడిగా చూడాలి.

ఫోనుతో వచ్చిన ఒక మీటరు పొడవు వైరు 0.2 వోల్టు తింది. బానే ఉంది. బండి మీద కొన్న రెండు మీటర్ల తెల్ల వైరు, అదే పోయిన ఆదివారం రాకెట్‌కి పెట్టిన వైరు, 1.4 వోల్టులు తింది! చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది కూడా, రెండు వాట్ల పైన దార్లోనే వేడైపోతున్నాయి కాబట్టి. పైన చూస్తే వేలంత లావు, అల్లిక తొడుగు, తాడులాగా ఉంది, లోపల తీగ మాత్రం వెంట్రుక. లావంతా ప్లాస్టిక్కే. ఒకవైపు పిన్ను ఎలాగూ ఊడిపోతోందని కోసి చూశా, తీగని బ్లేడుతో గీరితే ఎర్రపూత కింద తెల్లగా, అల్యూమినియం మీద రాగి పూత. వైరు మీద ఏడబ్ల్యూజీ అని రాసుంటే నంబరు ఎంత తక్కువైతే తీగ అంత లావు, 28 సన్నం, 24 మేలు, 20 ఇంకా మేలు. 28 నంబరు రాగి తీగ అయితే మీటరు పొడవుకి రానూపోనూ కలిపి 0.4 ఓం దాటుతుంది, 24 అయితే 0.17 దగ్గర. పొడవు రెట్టింపైతే తినేది కూడా రెట్టింపే, కాబట్టి మంచం దాకా వచ్చే పొడుగు వైరు కావాలంటే లావు తీగదే కొనాలి.

ఇక్కడే ఒకటి అర్థమైంది. ఇదే తెల్ల దరిద్రపు వైరు 5 వోల్టుల్లో పెడితే మూడు వాట్లు, 9 వోల్టుల్లో పెడితే ఫోనుకి 12 వాట్ల దాకా చేరుతున్నాయి. వోల్టేజ్ ఎక్కువుంటే అదే శక్తికి ఆంపియర్లు తక్కువ చాలు, వైరులో నష్టం ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది. మన కరెంటోళ్ళు ఊళ్ళ మధ్య హైటెన్షన్ లైన్లేసి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దించేది కూడా ఇందుకే కదా, పదో తరగతిలో చదివిందే, ఫోన్ వైరులో కనపడేసరికి ఇన్నేళ్ళు పట్టింది.

రెండు వైర్లతో అసలు 9 వోల్టులే రాలేదు. అవి ట్రిమ్మర్‌తో ఒకటి, టేబుల్ ఫ్యాన్‌తో ఒకటి వచ్చినవి, లోపల కరెంటు తీగలే ఉన్నాయి, డేటా తీగలు లేవు. సైగ చేయడానికి తీగే లేకపోతే క్విక్ ఛార్జ్ ఎలా వస్తుంది. చూడ్డానికి మాత్రం అన్నీ ఒకలాగే ఉంటాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒకవైపు మామూలు పెద్ద యూఎస్‌బీ, ఇంకోవైపు సీ పిన్ను ఉన్న వైరుతో పీడీ రానే రాదు, ఎంత ఖరీదైన వైరైనా సరే, పెద్ద యూఎస్‌బీ పిన్నులో ఆ సీసీ తీగకి చోటే లేదు. కాబట్టి నా ఫోనుకి సూపర్ ఫాస్ట్ కావాలంటే రెండు వైపులా సీ ఉండాల్సిందే. ఈ ముక్క తెలియక నేను ఎన్ని వైర్లు కొన్నానో.

ఆ పెద్ద-యూఎస్‌బీ-టు-సీ వైర్లలో 56 కిలోఓంల రెసిస్టర్ ఒకటి ఉండాలి, ఛార్జర్‌ని మరీ ఎక్కువ లాగకు అని ఫోనుకి చెప్పేది అదే. దాని బదులు 10 కిలోఓంలది పెడితే మూడు ఆంపియర్లు లాగొచ్చని ఫోను నమ్మేస్తుంది, అవతల పాత పోర్టు ఉంటే దాని పని అంతే. గూగుల్ ఇంజనీర్ బెన్సన్ లియంగ్ 2015లో ఇలాంటి వైర్లు ఒక్కొక్కటీ కొని పరీక్షించి బయటపెట్టడం మొదలెట్టాడు, 2016 ఫిబ్రవరిలో ఒక తప్పుడు వైరు ఆయన క్రోమ్‌బుక్ పిక్సెల్‌నే కాల్చేసింది. నాకు పోయింది ఒక ఆదివారమే.

ఆ ఒక్క సీ-టు-సీ వైరు సంగతి. 100 వాట్లు అని రాసుంది. మూడు ఆంపియర్లు దాటాలంటే వైరు పిన్నులో ఈ-మార్కర్ అని చిన్న చిప్ ఉండాలి, నేను ఐదు మోస్తానని అదే ఛార్జర్‌కి చెప్పేది. మీటరు ఆ చిప్ లేదు పొమ్మంది. అంటే మూడు ఆంపియర్లే, 20 వోల్టుల్లో చూసినా 60 వాట్లు. ముందు కోపమొచ్చింది, తర్వాత ఆలోచిస్తే నా 25 వాట్ల ఫోనుకి మూడు ఆంపియర్లు చాలు కదా, కొలిస్తే నష్టం కూడా తక్కువే. దీన్నే ఉంచుకుంటున్నా. ల్యాప్‌టాప్‌కి, లేదా శాంసంగ్‌లోనే 45 వాట్ల ఫోన్లున్నవాళ్ళకి మాత్రం ఐదు ఆంపియర్ల వైరు వెతుక్కోవాలి.

ఏప్రిల్ 18, శుక్రవారం

గుడ్ ఫ్రైడే సెలవు. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళా, ఈసారి లిస్టు రాసుకుని మరీ. ఒక షాపులో పీపీఎస్ ఉందా అనడిగితే "అన్నా, గిది అన్ని ఫోన్లకు నడుస్తది, ఫికర్ చేయకు" అన్నాడు. నడుస్తది, కరెక్టే, మా రాకెట్ కూడా నడిచింది. డబ్బా ఇవ్వు వెనక చదువుతా అంటే వింతగా చూశాడు. చదివా. పీపీఎస్ లైను లేదు. ఇంకో షాపులో ఉంది కానీ 3.3 నుంచి 5.9 వోల్టుల దాకానే, నాకు 11 దాకా కావాలి. మూడో చోట దొరికింది. 65 వాట్ల గ్యాన్ ఛార్జర్, రెండు సీ పోర్టులు, ఒక పెద్ద యూఎస్‌బీ పోర్టు. రాసింది ఇదీ: 5, 9, 12, 15 వోల్టుల్లో మూడు ఆంపియర్లు, 20లో 3.25, పీపీఎస్ 3.3 నుంచి 11 వోల్టులు మూడు ఆంపియర్లు. పెద్ద పోర్టులో క్విక్ ఛార్జ్ 3. ఆర్ నంబరు అక్కడే నిలబడి యాప్‌లో కొట్టా, వచ్చింది, అప్పుడు డబ్బులిచ్చా. గ్యాన్ అంటే గాలియం నైట్రైడ్, సిలికాన్ కన్నా నష్టం తక్కువ, అందుకే 65 వాట్లున్నా అరచేతిలో పట్టింది.

సీ నుంచి ఐఫోన్ పిన్ను వైరు కూడా ఒకటి తీసుకున్నా. బావమరిది దగ్గరున్నవన్నీ పెద్ద యూఎస్‌బీవే, వాటితో 12 వాట్లు దాటదు.

ఏప్రిల్ 20, ఆదివారం

పొద్దున నా ఫోను ఒక్కటే మొదటి పోర్టుకి పెట్టా. సూపర్ ఫాస్ట్. టైము 25 వాట్ల డబ్బాతో ఎంతో ఇప్పుడూ అంతే, ఒక నిమిషం అటూ ఇటూ. 65 వాట్లున్నా ఫోను తాగేది 25, మిగతాది పక్కవాళ్ళకి. ఐఫోన్ రెండో పోర్టుకి పెట్టగానే నా ఫోను ఒక సెకను ఛార్జింగ్ ఆగి మళ్ళీ ఎక్కింది, కొత్త మనిషి వచ్చాడని ఛార్జర్ అందరితో మళ్ళీ మాట్లాడుకుంటోంది. ఐఫోన్ 9 వోల్టులు 2.1 ఆంపియర్లు, పంతొమ్మిది వాట్లు. నాది అలాగే ఉంది. గెలిచాం అనుకున్నా.

సాయంత్రం నాన్న తన నెక్‌బ్యాండ్ తెచ్చి పెద్ద పోర్టుకి పెట్టాడు. ఐఫోన్ టకీమని 5 వోల్టులకి పడిపోయింది. నెక్‌బ్యాండ్ తీస్తే 9. పెడితే 5. నాలుగుసార్లు చేసి చూశాం, నాన్నకి కూడా సరదా వేసింది. డబ్బా అట్ట మీద చదివితే ఉంది, మూడు పోర్టులూ వాడితే మొదటిదానికి 45 వాట్లు, మిగతా రెంటికీ కలిపి 5 వోల్టులు మూడు ఆంపియర్లు. అర వాటు తాగే నెక్‌బ్యాండ్ వల్ల పక్కనున్న ఐఫోన్‌కి పస్తు! కొనేటప్పుడు పైనున్న 65 చదివా, వెనక లైన్లు చదివా, అట్ట పక్కన ఈ పంపకాల పట్టీ మాత్రం చదవలేదు. మీరు కొనేటట్టయితే ముందు అది చదవండి.

పరిష్కారం మరీ సింపుల్, పారేద్దామనుకున్న 5 వోల్టుల డబ్బాల్లో మంచిది ఒకటి నెక్‌బ్యాండ్, ట్రిమ్మర్ లాంటి చిల్లర సామానుకి ఉంచేశా. నాన్న ఫోను కూడా ఇందులో పెడితే అదే గొడవ కాబట్టి ఆయన క్విక్ ఛార్జ్ డబ్బా ఆయనకే.

ఏప్రిల్ 27, ఆదివారం

రెండు చిన్న కేసులు.

ఒకటి, నాన్న ఫోను ఏ వైరు పెట్టినా లూజు, కాస్త కదిలితే ఆగిపోతోంది. నెలరోజులుగా వైర్లే మారుస్తున్నాడు పాపం. టార్చి వేసి చూస్తే పోర్టు అడుగున దూదిలాగా చొక్కా జేబు నూలు, ఏళ్ళ తరబడి పిన్నుతో కూరి కూరి గట్టిపడింది. ఫోన్ ఆఫ్ చేసి, అగరబత్తి పుల్ల సన్నగా చెక్కి మెల్లగా గీకితే శనగగింజంత ఉండ వచ్చింది. సూది మాత్రం పెట్టొద్దు, లోపలి కాంటాక్టులు గీసుకుపోతాయి. ఇప్పుడు పిన్ను టక్కుమని కూర్చుంటోంది, 9 వోల్టులు వస్తున్నాయి. ఖర్చు సున్నా. అసలు మొదటిరోజే చూడాల్సింది ఇదే.

రెండోది, నెక్‌బ్యాండ్‌కి సీ పోర్టే ఉంది, కానీ సీ-టు-సీ వైరుతో గ్యాన్ ఛార్జర్‌కి పెడితే అసలు వెలగదు. పెద్ద యూఎస్‌బీ వైరుతో అయితే వెలుగుతుంది. పాడైందనుకున్నా. కాదు. సీ పోర్టు ఉన్న ఛార్జర్ అవతల ఎవరైనా ఉన్నారా అని ముందు చూసుకుంటుంది, 5.1 కిలోఓంల రెసిస్టర్ కనపడితేనే కరెంటు వదులుతుంది. చవక సామాన్లలో ఆ రెసిస్టర్లు వేయకుండా మిగుల్చుకుంటారు. పైసల్లో ఉండే ముక్క. మా ఇంట్లో ట్రిమ్మర్ కూడా అంతే. కాబట్టి పెద్ద యూఎస్‌బీ వైర్లన్నీ పారేద్దామన్న నా ప్లాను క్యాన్సిల్, రెండు ఉంచాలి.

అమ్మకి వేరే అనుమానం, ఇన్ని పెడితే కరెంటు బిల్లు ఎంతవుద్దో అని. లెక్కేసి చెప్పా, నా ఫోను బ్యాటరీ 19 వాట్-అవర్లు, నష్టాలు కలిపినా పాతిక, అంటే ఒక యూనిట్‌తో 40 సార్లు ఫుల్ చేయొచ్చు. "అయితే ఆ గీజరు ఆపు" అంది.

మే 4, ఆదివారం

ఎండలు మండుతున్నాయి. మధ్యాహ్నం రెండింటికి హాల్లో పెడితే నా ఫోను పది నిమిషాలకే 25 నుంచి 12 వాట్లకి దిగింది, బ్యాటరీ 41 డిగ్రీలు. పౌచ్ తీసి ఫ్యాన్ కింద రాతి గట్టు మీద పెడితే మళ్ళీ ఎక్కింది. పొద్దున్నే ఆరింటికి పెడితే అసలు దిగట్లేదు. వేసవిలో దీనికి మించి ఎంత మంచి డబ్బా కొన్నా లాభం లేదు, పెట్టే టైమే మార్చుకోవాలి. మంచం మీద దిండు కింద పెట్టే అలవాటు నాకూ ఉండేది, మానేశా.

స్టేషన్ ఇప్పుడిలా ఉంది. జంక్షన్ బాక్సుకి నాలుగు డబ్బాలు: గ్యాన్ డబ్బా మొదటి పోర్టు నాది, రెండోది ఐఫోన్‌ది, పెద్ద పోర్టులో ఏమీ పెట్టకుండా టేపు అంటించా. ఆవిడ ఎర్ర డబ్బా ఎర్ర వైరు, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని ఆర్డర్. నేను మూడువారాలు కొలిచి తేల్చింది తను మొదటిరోజే అరిచి చెప్పింది. నాన్నది, చిల్లర సామానుది. వైర్లకి ఆవిడ నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టా, నాన్నది నీలం, చిల్లరది గులాబీ. మిగతా డబ్బాలు, వైర్లు ఈ-వేస్ట్ కవర్లోకి.

నాన్న రేపు రాత్రి రైలుకి వెళ్తున్నాడు. బ్యాగులో నీలం చుక్క వైరు పెట్టాడో లేదో అని తెరిచి చూస్తే, పైనే కోఠీ రాకెట్. ఈ-వేస్ట్ కవర్లోంచి తీసి పెట్టుకున్నాడు.

"ఇదెందుకు నాన్నా?"

"మీ బాబాయికిద్దామనిరా, 65 అని ఉందిగా, ఎందుకు పారేయడం."

లాక్కుని పిన్నులు వంచేసి కవర్లో వేశా. కొత్తది కొనిస్తా, ముందు బాబాయ్ ఏ ఫోను వాడుతున్నాడో అడుగు అన్నా. వెంటనే ఫోన్ చేశాడు. స్విచాఫ్ వస్తోంది, ఛార్జింగ్ లేదేమో.